ఖాట్మండు వెళ్ళేవాళ్ళకి మా అప్పడాల కొట్టు నుంచి నాలుగు మాటలు

మాది ఒడిశా బరంపురంలో అప్పడాల కొట్టు. పశుపతినాథుడి దర్శనానికి రెండుసార్లు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి, అప్పడాలు తూచేలోపు ఎవరో ఒకరు ఖాట్మండు సంగతులు అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకటే చెప్తున్నాను గనక రాసి పెడుతున్నాను.

ముందు కార్డు సంగతి. వీసా అక్కర్లేదు. అలాగని ఆధార్ ఒక్కటీ పట్టుకుని బయల్దేరకండి. విమానానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపించాలి. 15 ఏళ్ళలోపు పిల్లలకీ 65 దాటిన పెద్దలకీ మాత్రమే ఆధార్ లాంటి ఫోటో కార్డులు చెల్లుతాయి. మా మరిదికి 61. "నేనూ సీనియర్ సిటిజన్నే కదా వదినా" అంటూ ఆధార్‌తో వచ్చి, విమానాశ్రయం నుంచే వెనక్కి వెళ్ళాడు. మనలాంటి వాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగు పేరు ఒడియాలోకి వెళ్ళి, అక్కడ్నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి కార్డు మీద ఏదో ఒకటి అయి కూర్చుంటుంది. టికెట్టు మీద మీ అసలు పేరు కాదు, కార్డులో ఉన్న పేరే, తప్పుతో సహా వేయించండి.

నేను మొదటిసారి రైల్లో వెళ్ళాను. ఇక్కణ్ణుంచి హౌరా, అక్కడ మధ్యాహ్నం మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నకి రక్సౌల్. రిక్షాలో వంతెన దాటితే అవతల బీర్‌గంజ్, అదే నేపాల్. అక్కణ్ణుంచి సుమోలు హెటౌడా మీదుగా కొండదారిన వెళ్తాయి. బస్సులు చుట్టూ తిరిగి వెళ్తాయి. మలుపులు పడనివాళ్ళు ముందు సీటు అడిగి పుచ్చుకోండి, కడుపు నిండా తిని ఎక్కకండి. వానాకాలం కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతుంది. దసరా రోజుల్లో ఊరు ఊరంతా సొంతూళ్ళకి వెళ్తుంది, సీట్లు దొరకవు. దసరా హడావిడి తగ్గాక, చలి ముదరకముందు వెళ్తే హాయి. ఊరు సుమారు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. ఊపిరాడదేమోనన్న భయం అక్కర్లేదు గానీ, దుమ్ముకి మాస్కు పెట్టుకోండి. జనవరిలో వెళ్తే మన గోపాల్‌పూర్ సముద్రపు గాలికి వేసుకునే స్వెట్టర్లు చాలవు.

వాళ్ళ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది. అది పట్టించుకోకే తిరుగు ప్రయాణంలో నాకు బండి తప్పిపోయింది. చేతి వాచీ చూసుకుని టీ తాగుతూ కూర్చున్నాను, సుమో వెళ్ళిపోయింది. టికెట్టు మీద తేదీ కూడా చూసుకోండి. వాళ్ళది విక్రమ సంవత్సరం, మన లెక్కకి సుమారు 57 ఏళ్ళు ఎక్కువ. నెలలు కూడా వేరే. ఏప్రిల్ మధ్యలో, మనకి ఇక్కడ పణా సంక్రాంతి వచ్చే రోజుల్లోనే వాళ్ళకి కొత్త ఏడాది మొదలు. టికెట్టు ఇచ్చే మనిషి చేతే మన తేదీ వెనకాల రాయించుకోండి. శనివారం వాళ్ళకి సెలవు. ఆఫీసు పనులుంటే ఆ రోజు పెట్టుకోకండి.

డబ్బు: మన 100 వాళ్ళ 160. బేరం తెగాక "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడగండి. ఐసీ అంటే మన రూపాయలు, ఎన్‌సీ అంటే వాళ్ళవి. అడగకపోతే అక్కడే దెబ్బ తింటారు. పెద్ద నోట్ల మీద నియమాలు మారుతూ వచ్చాయి, అందుకని నేను వంద నోట్ల కట్టే తీసుకెళ్తాను. క్యూఆర్ కోడ్ ఉన్న కొన్ని కొట్లలో మన ఫోన్‌తో కట్టొచ్చు గానీ దాన్నే నమ్ముకోవద్దు.

పశుపతినాథ్‌కి తెల్లవారుజామునే వెళ్ళండి. మధ్యాహ్నం గర్భాలయం మూసేస్తారు. తోలు బెల్టులు, పర్సులు గదిలోనే వదిలేయండి. లోపల ఫోటోలు తియ్యనివ్వరు. పడమటి గుమ్మంలోంచి వెళ్తే ముందు కనిపించేది బంగారు రంగు నంది వెనకభాగం, అంత పెద్దది. మనం శ్రీముఖలింగం వెళ్ళొచ్చేవాళ్ళం, ముఖమున్న లింగం మనకి కొత్త కాదు. ఇక్కడ నాలుగు దిక్కులకీ నాలుగు ముఖాలు, నాలుగు ద్వారాలు. ఐదోది పైకి చూసే ఈశాన ముఖం, కంటికి కనిపించదు. ఒక్క గుమ్మం దగ్గర దణ్ణం పెట్టి వచ్చేయకండి, చుట్టూ తిరిగి నాలుగూ చూడండి. లింగాన్ని ముట్టుకునేది పూజారులే. వాళ్ళు దక్షిణాది నుంచి వెళ్ళిన భట్టులు, ఎక్కువగా కర్ణాటక వాళ్ళు. ఆ మాట వినగానే మా అత్తగారికి చుట్టాల్ని చూసినంత సంబరం.

పక్కనే బాగ్‌మతి ఒడ్డున చితులు కాలుతుంటాయి, అందరి కళ్ళ ముందే. చిన్నపిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఫోన్ జేబులో పెట్టుకోండి, అవతల ఏడుస్తున్నది ఎవరి ఇంటివాళ్ళో. సాయంత్రం తూర్పు ఒడ్డున హారతి జరుగుతుంది, మెట్ల మీద చోటు కోసం కాస్త ముందే చేరండి. బయట "ఏకముఖి రుద్రాక్ష" అని ఎవరైనా పిలిస్తే నడుస్తూనే ఉండండి. పంచముఖి కొనుక్కుంటే చాలు.

కొండ మీది స్వయంభూనాథ్ స్తూపానికి 365 మెట్లు. మోకాళ్ళ నొప్పులుంటే కారు వెనకదారిన వెళ్తుంది. కోతులున్నాయి, చేతిలో సంచి చూపించకండి. బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ మన ప్రదక్షిణం లాగే కుడిచేతి వైపు స్తూపం ఉంచుకుని తిరగాలి. బుధానీలకంఠ గుడిలో నీళ్ళలో శేషుడి మీద పడుకున్న విష్ణువుని మాత్రం వదలకండి.

తిండికి ఇబ్బంది లేదు. పప్పు, అన్నం, కూర, పచ్చడి, మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. ఆవనూనె వాసన ఒడిశాలో ఉన్న మనకి అలవాటే. హోటల్లో "బఫ్" అని రాస్తే గేదె మాంసం, మోమోల్లో ఎక్కువగా అదే. తిననివాళ్ళు అడిగి తినండి.

ఒక పూట దగ్గర్లోని పాత ఊరు భక్తపూర్‌కి ఇవ్వండి. ఐదంతస్తుల న్యాతపోల గుడి 1702 నాటిది. 2015 భూకంపానికి ఊరు చాలా దెబ్బతిన్నా అది నిలబడింది. దాన్ని చూశాక మట్టి మూకుళ్ళలో అమ్మే జుజు ధౌ తినండి, "రాజు పెరుగు" అని అర్థం. నేను రెండు తిన్నాను. ఆ మూకుడు చీరలో చుట్టి తెచ్చుకున్నాను, ఇప్పుడు కొట్టులో చిల్లర వేసేది అందులోనే. అడుగున వాళ్ళ పది రూపాయల నోట్లు మూడు మిగిలిపోయాయి. ఇక్కడ ఎవరూ తీసుకోరు. ముందుగా బయల్దేరేవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి.