గుడ్డ జెండాల తోరణం ఎలా కుట్టాలి? మొన దగ్గరే అసలు పని

త్రికోణపు జెండాలతో కట్టే బంటింగ్ కుట్టడం పెద్ద విద్యేమీ కాదు. అయినా ఎక్కడ చూసినా జెండా కింది మొన మొద్దుబారి, లోపల ఉండ కట్టినట్టు కనిపిస్తుంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పల్చటి కాటన్ గుడ్డ, 2.5 సెం.మీ. వెడల్పున్న కాటన్ టేపు 4 మీటర్లు, దారం, కుట్టు మిషను, ఇస్త్రీ పెట్టె ఉంటే చాలు. గుడ్డను ముందే ఉతికి ఆరబెట్టండి. సాటిన్ జోలికి మాత్రం వెళ్లొద్దు, చేతిలో నిలవదు. ఒకప్పుడు ఓడల జెండాలకు వాడిన పల్చటి ఉన్ని గుడ్డ పేరే బంటింగ్. చిన్న గాలికే ఎగిరే తేలికదనం దానిది. గుడ్డ ఎంచుకునేటప్పుడు ఇప్పటికీ చూడాల్సింది అదే.

అట్టమీద 22 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు త్రికోణం గీసి, దాని ప్రకారం 24 ముక్కలు కోయండి. జెండాకు రెండు చొప్పున 12 జెండాలు వస్తాయి. పై అంచు నేతకు తిన్నగా ఉండాలి.

ఇక జాగ్రత్తగా వినండి. మంచి వైపులు లోపలికి వచ్చేలా రెండు ముక్కలు కలిపి, పై అంచు వదిలేసి, 1 సెం.మీ. లోపలగా పక్కలు కుట్టాలి. ఈ పక్కలు క్రాస్‌లో, అంటే నేతకు ఏటవాలుగా, కోసినవి కాబట్టి లాగితే సాగుతాయి, జెండా మెలి తిరుగుతుంది. చేత్తో తొయ్యొద్దు, లాగొద్దు, మిషనునే తీసుకోనివ్వండి.

మొనకు 2 సెం.మీ. దూరం ఉండగానే కుట్టు పొడవు 1.5 మి.మీ.కి తగ్గించండి. మొన దగ్గర సూది గుడ్డలోనే దింపి ఉంచి, ప్రెషర్ ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే మిషను పాదం) ఎత్తి, గుడ్డ తిప్పి, అడ్డంగా ఒకే ఒక్క కుట్టు వేయండి. మళ్లీ తిప్పి రెండో పక్కకు వెళ్లండి. ఆ అడ్డకుట్టు ఎందుకని చాలామంది మానేస్తారు. అది లేకపోతే లోపలికి మడిచిన గుడ్డకు చోటు చాలక మొన ఉబ్బిపోతుంది. ఉంటేనే సూదిగా కనిపిస్తుంది.

తర్వాత కుట్టుకు 3 మి.మీ. వదిలి మొనను అడ్డంగా, దాని రెండు పక్కలను ఏటవాలుగా కత్తిరించండి. కుట్టు తెగిందా, ఆ జెండా పనికిరాదు. తిరగేసేటప్పుడు కత్తెర మొనతో పొడవకండి, చిల్లు పడుతుంది. మొద్దు మొనున్న పుల్లతో మెల్లగా నెట్టండి. ఇస్త్రీ పెట్టెతో రుద్దొద్దు, అద్ది ఎత్తండి. రుద్దితే క్రాస్ అంచు మళ్లీ సాగుతుంది.

టేపును నిలువునా సగానికి మడిచి, రెండు చివర్లా అర మీటరు వదిలి, జెండాల పై అంచులను ఆ మడతలో దూర్చి, జెండాకూ జెండాకూ మధ్య 5 సెం.మీ. ఎడం ఉంచి పిన్నులు గుచ్చండి. అందరూ బయాస్ టేపు, అంటే నేతకు ఏటవాలుగా కోసిన పట్టీ, కొనమంటారు. కొనకండి. అది సాగే గుడ్డ, వేలాడదీశాక తోరణం నడుం వంగిపోతుంది. తిన్నటి నేత టేపే వాడండి. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే కుట్టు వేసి, రెండు కొసల్లోనూ వెనక్కి నాలుగు కుట్లు వేసి దారం తెంపండి.