వేంగి చాళుక్యుల దాయాది పోరును కాగితం మీద విప్పుకోవడం ఎలా

మాది బిక్కవోలు దగ్గర పల్లె. చాళుక్యుల నాటి గుళ్లు చూస్తూ పెరిగినదాన్ని. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు గ్రూప్స్‌కి చదివే పిల్లలు నలుగురైదుగురు మా అరుగు మీద కూర్చుంటారు. వాళ్లందరికీ ఒకటే టెన్షన్, వేంగి చాళుక్య రాజుల పేర్లు: విజయాదిత్యులు ఏడుగురు, విష్ణువర్ధనులు ఐదుగురు, భీములు ముగ్గురు, యుద్ధమల్లులు ఇద్దరు. ఎవరి తరవాత ఎవరో బట్టీ పడతారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు. నా చిన్నప్పుడు మా మాస్టారు కూడా అలాగే బట్టీ పట్టించారు. నాకూ ఒక్క పేరు మిగల్లేదు. చాలా ఏళ్ల తరవాత, ఆ వంశాన్ని మన ఇళ్లలో ఆస్తి తగాదాను చూసినట్టు చూడటం మొదలుపెట్టాకే అది నాకు అర్థమైంది. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

ముందు పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసుకుని, వెనక వైపు అడ్డంగా పరచండి. మామూలు పెన్సిలు ఒకటి, ఎర్రది ఒకటి, నీలం ఒకటి చాలు. రాజుల పేర్లు మెట్ల మాదిరిగా ఒకదాని కింద ఒకటి రాయకండి. పుస్తకాల్లో పట్టిక అలా ఉంటుంది కాబట్టే మనం తండ్రి తరవాత కొడుకు అనుకుంటాం. వేంగిలో సింహాసనం చాలాసార్లు పక్కకి జరిగింది. అన్న నుంచి తమ్ముడికి, బాబాయి నుంచి అబ్బాయికి, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి. అందుకే అన్నదమ్ములందరినీ ఒకే వరసలో, ఎడమ నుంచి కుడికి రాయండి. రాజు కాని వాళ్లని కూడా రాయండి. గొడవ ఎక్కువసార్లు వాళ్ల దగ్గరే పుడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని పిల్లలు అడుగుతారు. 624లో కుబ్జ విష్ణువర్ధనుడి నుంచి మొదలుపెడితే మధ్యలోనే అలిసిపోతారు. ఆ మొదటి రెండు వందల ఏళ్లలో రెండు పేర్లు గుర్తుంటే చాలు. ఒకరు కొక్కిలి. ఆరు నెలలకే అన్న మూడో విష్ణువర్ధనుడు దించేస్తే, ఆయన సంతతి ఎలమంచిలి వైపు మిగిలింది. రెండోవాడు రెండో విజయాదిత్యుడి తమ్ముడు భీమ సలుకి. రాష్ట్రకూటుల అండతో అన్న మీదికి వచ్చాడు. విజయాదిత్యుడు 12 ఏళ్లలో 108 యుద్ధాలు చేశాడనీ, తరవాత 108 శివాలయాలు కట్టించాడనీ శాసనాలు చెబుతాయి.

మీ కాగితం కలి విష్ణువర్ధనుడి కొడుకుల దగ్గర మొదలవ్వాలి. ఆయనకి గుణగ విజయాదిత్యుడు, విక్రమాదిత్యుడు, యుద్ధమల్లుడు మొదలైన కొడుకులు. ఈ ముగ్గురినీ పక్కపక్కన రాయండి. గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు ఏలాడు. తమ్ముడు విక్రమాదిత్యుడు యువరాజుగా ఉండి రాజు కాకుండానే పోయాడు. దాంతో 892లో గద్దె ఆ విక్రమాదిత్యుడి కొడుకు చాళుక్య భీముడికి వచ్చింది. ఇక్కడ ఆగి, పెన్సిలు పక్కన పెట్టి, యుద్ధమల్లుడి వైపు నుంచి ఆలోచించండి. అన్న పోయాడు, నడిపివాడు ముందే పోయాడు. మా నాన్నకి బతికున్న కొడుకుని నేనుండగా మనవడికి రాజ్యమేమిటి అని ఆయన అడిగాడంటే అందులో ఆశ్చర్యం లేదు. యువరాజు కొడుకుని నేను, నాన్నకి రావలసింది నాకు రావాలని భీముడూ అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఏది చెల్లుతుందో తేల్చే గట్టి కట్టుబాటు లేదు. ఈ ఒక్క చిక్కు అర్థమైతే తరవాతి అరవై ఏళ్లూ మీ చేతికి వచ్చినట్టే.

ఇప్పుడు భీముడి శాఖకి నీలం, యుద్ధమల్లుడి శాఖకి ఎరుపు వాడి కిందికి గీయండి. ప్రతి పేరు పక్కన ఎంతకాలం ఏలాడో రాయండి. వేంగి తామ్రశాసనాల్లో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. వాటిలో ప్రతి రాజు ఎన్నేళ్లు ఏలాడో లెక్క ఉంటుంది. ఏడు రోజులు ఏలిన ఇంద్ర భట్టారకుణ్ణి కూడా వదల్లేదు. ఏళ్లు నెలలుగా, నెలలు రోజులుగా తగ్గినచోట ఇంట్లో కత్తులు లేచాయని అర్థం చేసుకోండి.

చాళుక్య భీముడు 30 ఏళ్లు ఏలాడు. కొడుకు కొల్లభిగండ విజయాదిత్యుడు ఆరు నెలలే ఉన్నాడు. ఆయన కొడుకు అమ్మరాజు ఏడేళ్లు. అతని కొడుకు బేత విజయాదిత్యుడు చిన్నపిల్లవాడు, పదిహేను రోజులు. ఆ పిల్లవాణ్ణి వెళ్లగొట్టి కూర్చున్నది యుద్ధమల్లుడి కొడుకు తాళపుడు. మీ కాగితం మీద మొదటిసారి ఎరుపు పైకి వస్తుంది. నెల తిరిగేసరికి చాళుక్య భీముడి ఇంకో కొడుకు విక్రమాదిత్యుడు తాళపుణ్ణి చంపి పదకొండు నెలలు ఏలాడు. తరవాత అమ్మరాజు కొడుకు భీముడు ఎనిమిది నెలలు. లెక్క కూడండి: బేత నుంచి ఈ భీముడి దాకా నలుగురు రాజులు, అంతా కలిపి రెండేళ్లు నిండలేదు. ఆపైన తాళపుడి కొడుకు రెండో యుద్ధమల్లుడు వచ్చి ఏడేళ్లు ఏలాడు.

మొదటిసారి గీసినప్పుడు ఒక అమ్మాయి నన్ను అడిగింది: "మేడమ్, ఎరుపు వాళ్లు విలన్లా?" కాదమ్మా అన్నాను. బెజవాడలో యుద్ధమల్లుడి శాసనం ఉంది. కుమారస్వామి గుడి గురించి, మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సు పద్యాల్లో. తెలుగు పద్యం ఇంకా కళ్లు తెరుస్తున్న రోజులవి. ఓడిపోయిన శాఖ కూడా మనకి పద్యం ఇచ్చింది. అందుకే రంగులు ఎవరు ఎవరో గుర్తుపట్టడానికే, మంచీ చెడూ చెప్పడానికి కాదని పిల్లలకి ముందే చెబుతాను.

యుద్ధమల్లుణ్ణి తరిమింది కొల్లభిగండుడి ఇంకో కొడుకు, రెండో చాళుక్య భీముడు. 12 ఏళ్లు ఏలాడు. ఆయన కొడుకు రెండో అమ్మరాజుకి 945లో పట్టాభిషేకం జరిగింది. అయినా ఎరుపు ఆగలేదు. 956 ప్రాంతంలో రెండో యుద్ధమల్లుడి కొడుకు బాడపుడు రాష్ట్రకూట మూడో కృష్ణుడి సాయంతో అమ్మరాజుని దేశం దాటించాడు. ముత్తాత దగ్గర మొదలైన తగువు మునిమనవళ్ల దాకా నడిచింది.

ఇక మూడో పని. ప్రతి మార్పు పక్కన, బయటి నుంచి ఎవరు సాయం చేశారో ఒక బాణం గీయండి. ఎరుపు శాఖ వైపు బాణాలన్నీ పడమటి నుంచి, రాష్ట్రకూటుల నుంచి వస్తాయి. కృష్ణా గోదావరుల మధ్య పంట భూమి, దాన్ని ఆనుకుని సముద్రం. ఇంత విలువైన చోట ఇంటివాళ్లు కొట్టుకుంటుంటే పొరుగువాడు చేతులు కట్టుకుని కూర్చోడు. సాయం ఊరికే రాదని కూడా బాణం పక్కన రాసుకోండి. 973లో జటాచోడ భీముడనే తెలుగు చోడ నాయకుడు, అప్పటి వేంగి రాజు, రెండో అమ్మరాజు సవతి అన్న అయిన దానార్ణవుణ్ణి చంపినప్పుడు దానార్ణవుడి కొడుకులు చోళుల దగ్గర తలదాచుకున్నారు. 999లో రాజరాజ చోళుడు సైన్యంతో వచ్చి పెద్దవాడు శక్తివర్మని నిలబెట్టాడు. ఆనాటి నుంచి బాణాలు దక్షిణం నుంచి కూడా మొదలవుతాయి.

ఇక్కడ నుంచి తల్లుల పేర్లు రాయకపోతే బొమ్మ నిలవదు. శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుడికి ఇద్దరు భార్యలు. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వకి రాజరాజ నరేంద్రుడు పుట్టాడు. తెలుగు చోడుల ఆడపడుచు మేడవకి ఏడో విజయాదిత్యుడు పుట్టాడు. సవతి అన్నదమ్ములు. నరేంద్రుడి వెనక మేనమామ రాజేంద్ర చోళుడు నిలిచాడు, విజయాదిత్యుడి వెనక పడమటి వైపు కల్యాణి చాళుక్యులు. నరేంద్రుడు ఆ మేనమామ కూతురు అమ్మంగనే చేసుకున్నాడు. వాళ్ల కొడుకు కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. మేనరికం ఎందుకు చేస్తారో తెలుగువాళ్లకి ఎవరూ వివరించనక్కర్లేదు. ఇక్కడ దానితో పాటు సైన్యం కూడా వచ్చింది. కలిదిండి దగ్గర జరిగిన యుద్ధంలో రాజేంద్ర చోళుడు పంపిన సేనాపతులు ముగ్గురు చనిపోతే, వాళ్ల పేరున నరేంద్రుడు శివాలయాలు కట్టించాడు. ఆ పక్కన బాణం గీసేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ కాస్త నెమ్మదిస్తుంది. ఎవరి ఇంటి తగువు కోసమో అంత దూరం వచ్చి ప్రాణాలు విడిచిన మనుషులు వాళ్లు.

తేదీల మధ్య ఖాళీలు కూడా చూడండి. విమలాదిత్యుడి పాలన 1018తో ముగుస్తుంది. నరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16న. శాసనాలు ఆయనకి 41 ఏళ్లు ఇస్తాయి. 1022 నుంచి 1061 దాకా లెక్కపెడితే 39 మాత్రమే వస్తుంది. అంటే పట్టాభిషేకానికి ముందున్న ఏళ్లు కూడా ఆయన ఖాతాలో వేశారు. మధ్యలో 1031 ప్రాంతంలో విజయాదిత్యుడు గద్దెనెక్కి కొన్నేళ్లు ఏలిన సంగతి ఆ 41లో కనిపించదు. నన్నయ గారు ఆస్థానంలో ఉన్న ప్రశాంతమైన రాజ్యమని మనం ఊహించుకునే కాలం ఇదే.

చివరి పని, పిల్లలు ఎక్కువగా వదిలేసేది: శాసనం ఎవరు వేయించారో చూడటం. తరవాతి రాజుల శాసనాలు జటాచోడ భీముడి కాలాన్ని 27 ఏళ్లు రాజు లేని కాలమంటాయి. రాజు ఉన్నాడు, వాళ్ల ఇంటివాడు కాదంతే. నరేంద్రుడు పోయాక విజయాదిత్యుడు రాజ్యం తనే చేపట్టి, కొడుకు రెండో శక్తివర్మకి ఇచ్చి, ఏడాదికే ఆ కొడుకు పోతే దుఃఖంతో మళ్లీ భారం ఎత్తుకున్నానని తన ర్యాలి శాసనంలో చెప్పుకున్నాడు. నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాక, ఆ ఇంటివాళ్ల చెల్లూరు శాసనం మాత్రం చోళ రాజ్యం మీద కోరికతో వెళ్తూ పినతండ్రికి వేంగిని ఆయనే ఇచ్చాడంటుంది. ఒకే సంగతి, ఒకచోట తీసుకోవడం, ఇంకోచోట ఇవ్వడం. రెండూ కాగితం మీద పక్కపక్కన రాయండి, ఏదీ కొట్టేయకండి. అదే చెల్లూరు శాసనంలో కులోత్తుంగుడి కొడుకు ముమ్మడి చోడుడు, తల్లిదండ్రుల సేవలో ఉన్న సుఖం రాజ్యంలో లేదని ఏడాదికే వేంగి వదిలి వెళ్లాడని ఉంటుంది. దాని పక్కన నేను ఒక ప్రశ్న గుర్తు పెట్టిస్తాను.

కాగితం అంచున ఒక జానెడు ఖాళీ ఉంచండి. పదిహేను రోజుల బేత గుర్తున్నాడు కదా? పిల్లలు ఆయన పేరు కింద గీత పెట్టి ముగించేస్తారు. 1202లో పిఠాపురంలో మల్లపదేవుడు వేయించిన శాసనం ఉంది. అందులో ఆయన తన వంశాన్ని తరం తరం లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లి ఆ బేత దగ్గరికే చేరాడు. వెళ్లగొట్టిన పిల్లవాడి సంతతి రెండు వందల డెబ్బై ఏళ్ల తరవాత కూడా మేమున్నామని రాతి మీద రాయించుకుంది. ఆ నీలం గీతని బేత నుంచి అంచు దాకా లాగి, చివర పిఠాపురం అని రాయండి.