అయస్కాంతం ఆపేసినా హాల్ వోల్టేజి పోలేదు

హన్మకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు నా సెమినార్ అంశం ఫ్రాక్షనల్ క్వాంటం హాల్ ఎఫెక్ట్. కరెంట్ పారే ముక్కకు లంబంగా అయస్కాంత క్షేత్రం పెడితే, కరెంట్‌కు అడ్డంగా రెండు పక్కల మధ్య వోల్టేజి పుడుతుంది; అదే హాల్ ఎఫెక్ట్, ఆ వోల్టేజే హాల్ వోల్టేజి. ఫ్రాక్షనల్ రకంలో అది భిన్నాలతో ముడిపడిన స్థిర విలువల దగ్గర మెట్లుగా నిలుస్తుంది. 1982లో సూయి, స్టోర్మర్, గోసార్డ్ దాన్ని గాలియం ఆర్సెనైడ్ పొరల్లో చూశారు. 5 కెల్విన్ కంటే తక్కువ చలి, దాదాపు 15 టెస్లా క్షేత్రం. అవి మాకెక్కడివి? జెర్మేనియం ముక్కతో మామూలు హాల్ ఎఫెక్టయినా సరిగ్గా చూపించాలనుకున్నాను.

అయస్కాంతం ఆఫ్‌లో ఉన్నా మీటర్ 8 మిల్లీవోల్టులు చూపించింది. రెండు రోజులు తీగలు మార్చాను, కాంటాక్టులు తుడిచాను. సెమినార్ దగ్గరపడుతోందని ఒకటే టెన్షన్. చివరికి శాంపిల్ కరెంట్ దిశ తిప్పి చూస్తే రీడింగ్ గుర్తు కూడా తిరిగింది. వేడి తేడా వల్ల వచ్చే వోల్టేజి అలా తిరగదు. అంటే హాల్ వోల్టేజి కొలిచే రెండు కాంటాక్టులు కచ్చితంగా ఎదురెదురుగా లేవు. వెంట్రుకవాసి జరిగినా కరెంట్ దారిలోని వోల్టేజి వచ్చి కలుస్తుంది.

శాంపిల్ కరెంట్‌ను అలాగే ఉంచి అయస్కాంత దిశ మార్చాను. (కాయిల్ కరెంట్ సున్నాకు తెచ్చాకే తీగలు విప్పాలి, ఇది మరవొద్దు.) ఒకవైపు 41 మిల్లీవోల్టులు, మరోవైపు మైనస్ 25. తేడాలో సగం 33, అదే అసలు హాల్ వోల్టేజి.

పెద్ద ల్యాబుల్లోనూ ఇలాగే క్షేత్రం తిప్పి కొలుస్తారు. ఫ్రాక్షనల్ ఎఫెక్ట్‌లో ఎలక్ట్రాన్ల అత్యల్ప శక్తి స్థాయి మూడో వంతే నిండిన స్థితిలో హాల్ నిరోధం (హాల్ వోల్టేజిని కరెంట్‌తో భాగిస్తే వచ్చేది) సుమారు 77.4 కిలో ఓమ్‌ల దగ్గర నిలుస్తుంది, కరెంట్ దారిలోని నిరోధం దాదాపు సున్నాకు పడిపోతుంది. నన్ను రెండు రోజులు తిప్పిన ఆ కలగలుపు అక్కడ దానంతటదే మాయమవుతుంది!