భూములున్న కంపెనీ పగ్గాలు ఎవరివి? వివాదాన్ని చట్టప్రకారం తేల్చుకునే విధానం

కంపెనీ పేరున ఉన్న భూమిపై తగాదా వస్తే అది పైకి భూ తగాదాలాగే కనిపిస్తుంది. సర్వే నంబర్లు, హద్దులు, స్వాధీనం చుట్టూనే మాటలు నడుస్తాయి. చట్టం దాన్ని అలా చూడదు. కంపెనీ ఆస్తిలో వాటాదారుకు నేరుగా ఏ హక్కూ ఉండదని, ప్రకటించిన లాభాల్లోనూ కంపెనీ మూతపడితే అప్పులు పోగా మిగిలిన దానిలోనూ అతనికి వంతు మాత్రమే ఉంటుందని సుప్రీంకోర్టు 1954లోనే బచా గుజ్దర్ కేసులో తేల్చింది. భూమిని అమ్మే సంతకం డైరెక్టర్ల బోర్డు అధికారమిచ్చిన వ్యక్తిది, ఆ బోర్డును ఎన్నుకునేది వాటాదారులు, వాటాదారులెవరో చెప్పేది సభ్యుల రిజిస్టరు. కాబట్టి భూమి దగ్గర కాకుండా రిజిస్టరు దగ్గర మొదలుపెట్టి, ఈ వరుసలో ఏ మెట్టు దగ్గర అక్రమం జరిగిందో కనిపెట్టడమే మొదటి పని.

ఇందుకు కంపెనీ పుట్టిన నాటి నుంచి కాగితాలు కావాలి. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి నియమావళిని (ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్), వార్షిక రిటర్నులను, కొత్త షేర్ల కేటాయింపును తెలిపే పీఏఎస్‌-3 ఫారాలను, డైరెక్టర్ల రాకపోకలను తెలిపే డీఐఆర్‌-12 ఫారాలను ఎవరైనా తీసుకోవచ్చు. వాటితో తేదీలవారీగా ఒక పట్టిక వేయాలి: ఏ షేరు ఎవరి నుంచి ఎవరికి ఏ రోజున ఏ పత్రంతో వెళ్లింది, ఆ రోజుకు బోర్డులో ఎవరున్నారు. ఆ తర్వాత 2013 కంపెనీల చట్టం 94వ సెక్షన్ కింద సభ్యుల రిజిస్టరును, వార్షిక రిటర్నులను తనిఖీకి చూపమని రాతపూర్వకంగా కోరాలి. చూపకపోతే ఆ నిరాకరణే రేపు మీ పిటిషన్‌కు ఒక ఆధారమవుతుంది. పోర్టల్‌లో కనిపించిందంతా నిజమని మాత్రం అనుకోవద్దు. కంపెనీల రిజిస్ట్రారు దాఖలైన ఫారాన్ని రికార్డులోకి తీసుకున్నంత మాత్రాన అందులోని హక్కును ఖరారు చేసినట్లు కాదు. సభ్యుల రిజిస్టరు, షేరు సర్టిఫికెట్ రెండూ కూడా చట్టం దృష్టిలో పైకి నిజమని తీసుకునే (ప్రైమా ఫేసీ) సాక్ష్యాలే. గట్టి ఆధారంతో వాటిని తోసిపుచ్చవచ్చు.

షేర్ల బదిలీని పరీక్షించేటప్పుడు స్టాంపు వేసిన ఎస్‌హెచ్‌-4 ఫారం ఉందా, రాసుకున్న తేదీ నుంచి 60 రోజుల్లో అది కంపెనీకి అందిందా, బోర్డు దాన్ని ఆమోదించిందా అన్నవి చూడాలి. డబ్బు చేతులు మారిన ఆనవాలు లేకపోవడం, పాత సర్టిఫికెట్ ఇప్పటికీ మీ బీరువాలోనే ఉండటం వంటివి చాలా చెబుతాయి. అయితే పగ్గాలు చేజిక్కించుకోవడానికి ఎక్కువమంది వాడే దారి బదిలీ కాదు, కొత్త షేర్ల కేటాయింపు. ఉన్న షేర్లను ముట్టుకోకుండానే, బోర్డు తమ వారికి కొత్త షేర్లు ఇచ్చుకుంటే ఎదుటివారి వాటా శాతం దానంతటదే పడిపోతుంది. 62వ సెక్షన్ ప్రకారం కొత్త షేర్లను ముందుగా ఉన్న వాటాదారులకు వారి వాటాల నిష్పత్తిలో ఇవ్వజూపాలి. బయటివారికి ఇవ్వాలంటే ప్రత్యేక తీర్మానం (పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతుల మద్దతుతో నెగ్గేది) కావాలి. మేనేజింగ్ డైరెక్టరు కంపెనీపై పట్టు కోసం తనకు తానే షేర్లు కేటాయించుకున్న డేల్ అండ్ కారింగ్టన్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఆ కేటాయింపును కొట్టివేసింది. అలాగని ప్రతి కేటాయింపూ కుట్ర కాదు. కంపెనీకి నిజంగా అవసరమై షేర్లు జారీ చేస్తే, దానివల్ల డైరెక్టర్లకు కూడా కొంత మేలు జరిగినంత మాత్రాన అది చెల్లకుండా పోదని 1981 నాటి నీడిల్ ఇండస్ట్రీస్ తీర్పు చెబుతోంది. కాబట్టి ఆ రోజు కంపెనీకి డబ్బు అవసరమేమిటి, వచ్చిన డబ్బు ఎటుపోయింది అన్న ప్రశ్నలకు బ్యాంకు లెక్కల నుంచి జవాబు రాబట్టాలి.

కుటుంబ కంపెనీల్లో చిక్కుముడి తరచుగా వాటాదారు మరణంతో పడుతుంది. నామినీగా పేరున్నంత మాత్రాన షేర్లు సొంతమైపోవని, వారసత్వ చట్టమే నిర్ణయిస్తుందని సుప్రీంకోర్టు 2023లో శక్తి యెజ్దానీ కేసులో స్పష్టం చేసింది. రిజిస్టరులో ఇంకా పేరు ఎక్కకపోయినా వారసులు అణచివేత పిటిషన్ (కంపెనీని నడిపేవారు తమను అణచివేస్తున్నారని వాటాదారులు వేసేది) వేయవచ్చని 1990లో ఒక తీర్పు వచ్చింది. కానీ ఆ వారసత్వమే సివిల్ కోర్టులో వివాదంగా నలుగుతుంటే ముందు అక్కడ తేలాలని 2020లో అరుణా ఓస్వాల్ తీర్పు చెప్పింది. ఈ రెంటిలో మీ కేసు దేనికి దగ్గరగా ఉందో పిటిషన్ రాయకముందే న్యాయవాదితో కూర్చుని తేల్చుకోవాలి. అన్నదమ్ములు రాసుకున్న ఒప్పందాలను నమ్ముకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: షేర్ల బదిలీపై పెట్టుకున్న ఆంక్ష కంపెనీ నియమావళిలోకి ఎక్కకపోతే అది కంపెనీని కట్టిపడేయదని 1991లో రంగరాజ్ కేసులో తేలింది. ఇక మరొకరి పేరున షేర్లు పెట్టి అసలు యజమాని తామేనని చెప్పుకునేవారి పరిస్థితి ఇంకా బలహీనం, ఎందుకంటే 89వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ప్రకటన ఇవ్వకపోతే ఆ షేర్లపై తమ హక్కును వారు అమలు చేయించుకోలేరు.

డైరెక్టర్ల విషయం ఇంత లోతైనది కాదు. బోర్డు సమావేశానికి కనీసం 7 రోజుల నోటీసు, సర్వసభ్య సమావేశానికి పూర్తి 21 రోజుల నోటీసు పంపారా, కోరం (హాజరు కావాల్సిన కనీస సంఖ్య) ఉందా, రాజీనామా లేఖపై సంతకం అసలుదేనా అన్నవి చూస్తే సరిపోతుంది. డైరెక్టరు పదవి పోయిందన్న ఒక్క ఫిర్యాదు అణచివేత కిందకు రాదని 2021లో టాటా గ్రూపు వివాదంలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, పిటిషన్‌ను దానిమీదే నిలబెట్టకూడదు. నిజంగా మెజారిటీ మీదే అయితే కోర్టు గడప తొక్కనవసరం లేని దారి కూడా ఉంది. చెల్లించిన మూలధనంలో ఓటు హక్కున్న పదో వంతు చేతిలో ఉన్నవారు 100వ సెక్షన్ కింద అసాధారణ సర్వసభ్య సమావేశం కోరవచ్చు. బోర్డు 21 రోజుల్లో కదలకపోతే, కోరిన తేదీ నుంచి మూడు నెలల్లోగా తామే సమావేశం జరుపుకోవచ్చు.

భూమి చేజారకుండా చూసుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. కేసు నడుస్తుండగా అమ్మినా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాలన్న ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ తమను కాపాడుతుందని వారు ధీమాగా ఉంటారు. ఆ సెక్షన్ వర్తించాలంటే స్థిరాస్తిపై హక్కు ఆ వ్యాజ్యంలో నేరుగా, నిర్దిష్టంగా వివాదాంశం కావాలి. షేర్ల గురించిన పిటిషన్‌లో అది ఉందని చెప్పడం కష్టం. మరోవైపు నియామకంలో లోపమున్న డైరెక్టరు చేసిన పనులకు కూడా కంపెనీల చట్టం 176వ సెక్షన్ చెల్లుబాటు ఇస్తుంది, కంపెనీ లోపలి గొడవ తెలియకుండా కొన్నవారికి న్యాయస్థానాల రక్షణ దొరుకుతుంది. ఆస్తులన్నీ అమ్మాలంటే ప్రత్యేక తీర్మానం తప్పనిసరి చేసే 180వ సెక్షన్ నుంచి ప్రైవేటు కంపెనీలకు 2015లోనే మినహాయింపు లభించింది. అందువల్ల పిటిషన్‌తో పాటే కంపెనీల చట్టం 242(4) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరాలి. అందులో ప్రతి సర్వే నంబరునూ విస్తీర్ణంతో సహా రాసి అమ్మకం, తనఖా, అభివృద్ధి ఒప్పందం మూడింటినీ ఆపమనాలి. ఉత్తర్వు చేతికి రాగానే దాని ప్రతిని సబ్ రిజిస్ట్రారుకు, బ్యాంకుకు అందజేసి, పత్రికలో ప్రకటన ఇచ్చి, ఎప్పటికప్పుడు ఈసీ (భూమిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తూ ఉండాలి.

పిటిషన్ వేయాల్సిన చోటు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ). భూమి ఎక్కడుందన్నది దీనికి లెక్కలోకి రాదు; కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం ఏ బెంచి పరిధిలోకి వస్తుందో అక్కడే వేయాలి. కేవలం రిజిస్టరును సరిచేయించడానికి 59వ సెక్షన్, మొత్తం వ్యవహారశైలిని ప్రశ్నించడానికి 241, 242 సెక్షన్లు ఉన్నాయి. రెండో దారికి జారీ అయిన మూలధనంలో పదో వంతు, లేదా వందమంది సభ్యులు, సభ్యుల్లో పదో వంతు అనే రెండింటిలో ఏది తక్కువైతే అంతమంది మద్దతు కావాలి. అక్రమ కేటాయింపువల్లే మీ వాటా ఆ గీత కిందకు పడిపోయి ఉంటే మినహాయింపు కోరవచ్చు. ట్రిబ్యునల్ తేల్చగల విషయాలపై సివిల్ కోర్టుకు వెళ్లడాన్ని 430వ సెక్షన్ అడ్డుకుంటుంది. వీలునామా నిజమైనదా, వారసుడెవరు వంటి ప్రశ్నలకు మాత్రం సివిల్ కోర్టే దిక్కు. కాలపరిమితి చట్టం ఇక్కడా వర్తిస్తుంది కనుక, విషయం మీకు ఎప్పుడు, ఎలా తెలిసిందో పిటిషన్‌లో తేదీతో చెప్పాలి.

ఇరుపక్షాలూ కలిసి నడవలేవని తేలితే ట్రిబ్యునల్ ఒకరి షేర్లను మరొకరు కొనాలని ఆదేశించవచ్చు. అప్పుడు విలువ కట్టే పద్ధతే అసలు పోరాటమవుతుంది: ఖాతాపుస్తకాల్లో భూమి ఎప్పుడో కొన్న ధరకే ఉంటుంది కనుక, నేటి మార్కెట్ ధర ఆధారంగా రిజిస్టర్డ్ వాల్యూయరుతో లెక్క కట్టించాలని మొదటి పిటిషన్‌లోనే కోరడం మంచిది. ఆదేశం నచ్చకపోతే అప్పీలుకు గడువు 45 రోజులు; తగిన కారణం చూపితే మరో 45 రోజుల వరకు పొడిగిస్తారు. తెలుగు రాష్ట్రాల కంపెనీల అప్పీళ్లను అప్పిలేట్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి వింటుంది. గెలిచినవారు తుది ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రారు వద్ద దాఖలు చేయించి, ఆ వెంటనే డైరెక్టర్ల ఫారాలను, బ్యాంకు ఖాతాల్లో సంతకాల అధికారాన్ని మార్పించాలి.