గోథిక్ నవలల్లో వికృత రూపమున్న విలన్ మీద జాలి: నేరం మరిచిపోకుండా చదవడం ఎలా?

మొహం చూసి భయపడి, హత్యలు చూసి అసహ్యించుకుని పక్కన పెట్టేస్తే, భయమూ రహస్యాలూ నిండిన ఈ గోథిక్ నవలలు సగమే చదివినట్టు. "పాపం, లోకమే వాణ్ణి అలా చేసింది" అని అన్నీ మాఫీ చేసేసినా అంతే. జాలి, తీర్పు రెండూ ఒకే మనసులో పెట్టుకుని చదవొచ్చు. మేరీ షెల్లీ 1818లో అచ్చువేసిన ఫ్రాంకెన్‌స్టైన్‌తో మొదలుపెట్టండి. అందులో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనేవాడు మనిషి లాంటి ఒక ప్రాణిని తయారుచేస్తాడు, మన విలన్ ఆ ప్రాణే.

1. ముందు సినిమా బొమ్మను మర్చిపోండి. 1931 సినిమాలో ఆ ప్రాణికి మాటలే రావు. నవలలో ఎనిమిది అడుగుల మనిషి, మెరిసే నల్లటి జుట్టు, తెల్లటి పళ్లు, పసుపుపచ్చని చర్మం, అన్నిటికంటే ముఖ్యంగా చక్కగా మాట్లాడే నోరు. ఆ నోరు మూయించేస్తే అసలు కథే పోతుంది.

2. ప్రతి అధ్యాయం మొదట్లో ఎవరు చెబుతున్నారో పెన్సిల్‌తో రాసుకోండి. ఓడలో ఉత్తర ధ్రువం వైపు వెళ్తున్న వాల్టన్ తన అక్కకు ఉత్తరాలు రాస్తాడు, వాటిలో విక్టర్ తన కథ చెబుతాడు, దాని మధ్యలో ఆ ప్రాణి తన గోడు చెప్పుకుంటాడు. విక్టర్ అతణ్ణి పుట్టించిన రాత్రే చూసి పారిపోయాడు, పేరు కూడా పెట్టలేదు. అలాంటివాడు "రాక్షసుడు" అన్నంత మాత్రాన మనం వెంటనే తలూపక్కర్లేదు.

3. పల్లెలో పేదగా బతికే డి లేసీ కుటుంబం దగ్గర మాత్రం తొందరపడకండి, వీలైతే రెండుసార్లు చదవండి. ఆ ప్రాణి వాళ్ల ఇంటిని ఆనుకున్న పాకలో దాక్కుని, మొదట్లో వాళ్ల తిండి కొంత దొంగిలించి, వాళ్లే పస్తులుంటున్నారని తెలిశాక మానేసి అడవిలో దొరికిన పళ్లూ దుంపలతో కడుపు నింపుకుంటూ, రాత్రిపూట కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మం దగ్గర పెడతాడు. మాటలూ చదువూ నేర్చుకున్నది వాళ్లను గోడ సందులోంచి చూసే. చివరికి ధైర్యం చేసి ఇంట్లో గుడ్డి ముసలాయన ఒక్కడే ఉన్నప్పుడు లోపలికి వెళ్తాడు, ఆయన ఆదరంగా మాట్లాడతాడు కూడా. అంతలో కొడుకు ఫెలిక్స్ వచ్చి కర్రతో బాదుతాడు. తిరగబడితే ఫెలిక్స్‌ను చీల్చేయగల బలం ఉండి కూడా అతను చెయ్యెత్తడు! ఆ ఒక్క క్షణం గుర్తుంటే తర్వాతి పేజీల్లో అతను ఏం పోగొట్టుకున్నాడో అర్థమవుతుంది.

4. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని అతని వల్ల చనిపోయినవాళ్ల పేర్లు రాయండి. విలియం, విక్టర్ తమ్ముడు, చిన్న పిల్లాడు. జస్టీన్, ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి, ఆమెకు తెలియకుండా ఆమె బట్టల్లో పిల్లాడి దగ్గర దొరికిన లాకెట్ పెట్టి మరీ ఆ హత్యలో ఇరికించాడు, ఆమెకు ఉరి పడింది. తర్వాత విక్టర్ స్నేహితుడు క్లెర్వల్, విక్టర్ పెళ్లాడిన ఎలిజబెత్. వీళ్లెవరూ అతన్ని కర్రతో కొట్టలేదు. జస్టీన్ విషయంలో నాకైతే ఇప్పటికీ క్షమించాలనిపించదు, అది కోపంలో జరిగిన పని కాదు కాబట్టి. చివర్లో విక్టర్ శవం దగ్గర ఏడుస్తూ అతను కూడా తనను తాను క్షమించుకోడు. ఆ మాటలు వదలకండి.

5. ఇదే పద్ధతిని గాస్టన్ లెరూ రాసిన ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరాలో, ప్యారిస్‌లో సంగీత నాటకాలాడే ఒపెరా భవనం కింద దాక్కుని బతికే వికృత ముఖం ఎరిక్ మీద వాడి చూడండి, 1910లో పుస్తకంగా వచ్చింది. కన్నతల్లే ముద్దు పెట్టకుండా ముసుగు చేతికిచ్చిన మనిషి అతను. అదే మనిషి అక్కడ పాడే క్రిస్టీన్‌ను ఎత్తుకుపోయి, తనను పెళ్లాడకపోతే ప్యారిస్ ఒపెరా భవనాన్ని మనుషులతో సహా పేల్చేస్తానంటాడు. ఆమె నుదుటి మీద ముద్దు పెట్టనిచ్చి, అతనితో కలిసి ఏడ్చాక, ఆమెను ప్రేమించినవాడితో పంపేస్తాడు. ఇక్కడ ఎరిక్‌తో పాటు క్రిస్టీన్ వైపు నుంచి కూడా చదవాలి, ఎందుకంటే జాలిపడటానికి ఆమె ఎంత భయాన్ని దిగమింగిందో చాలామంది పట్టించుకోరు. ఒక మనిషి ఒంటరితనం తీర్చే బాధ్యత ఒక ఆడపిల్ల మీద పెట్టడం న్యాయమేనా అన్నది ఆ చివరి అధ్యాయాలు చదువుతూ కాగితం మీద రాసుకోండి.