చైన్ మిషన్‌కు ట్రాలీ ఎంచుకోవడం, మూడో పాఠం: బరువు ఎక్కడ పడుతుంది?

పోయిన పాఠంలో, టైర్లకు బదులు రబ్బరు చైన్ల మీద నడిచే మీ వరికోత మిషన్ పొడవు, వెడల్పు, చైన్ల మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోమన్నాను కదా. ఆ కాగితం జేబులో పెట్టుకోండి, చివర్లో తీద్దాం. ట్రాలీ చూడటానికి పోయినప్పుడు చాలామంది అడిగేది ఒకటే, మిషన్ దీంట్లో పడుతుందా అని. పట్టడం వేరు, మోయడం వేరు.

రబ్బరు చైన్ తారురోడ్డు మీద నడిస్తే తొందరగా అరిగిపోతుంది, దాన్ని మార్చాలంటే మామూలు ఖర్చు కాదు. అందుకే పక్క ఊరికైనా ట్రాలీ మీదనో డీసీఎం (చిన్న లారీ) మీదనో ఎక్కించుకుని పోతాం. మిషన్ బరువు సుమారు మూడు టన్నులు ఉంటుంది, మీ మోడల్‌కు సరిగ్గా ఎంతో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ట్రాలీ ఖాళీ బరువు 1,200 కిలోలు, డీజిల్ క్యాన్లు, పానాల పెట్టె, ఎక్కించే పలకలు కలిపి ఇంకో 200 అనుకుందాం. మొత్తం 4,400 కిలోలు. దాన్ని లాగే మీ ట్రాక్టర్ 2,200 కిలోలు ఉంటే, వెనక ఉన్నది ముందున్నదానికి రెండింతలు అన్నమాట.

లాగడానికి ట్రాక్టర్‌కు బలం చాలుతుంది. ఆపడం దగ్గరే చిక్కు. మన పొలాల్లో తిరిగే మామూలు ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, చాలా ట్రాలీలకైతే బ్రేకే ఉండదు, దిగుడులో ఆ నాలుగు టన్నులు వెనక నుంచి నెడుతుంటే ట్రాక్టర్ ఒక్కటే ఆపాలి. కాబట్టి మిషన్ కోసం ట్రాలీ తీసుకుంటే బ్రేకు ఉన్నదే తీసుకోండి, రేటు ఎక్కువైనా సరే. రోడ్డెక్కే ముందు ట్రాక్టర్ కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి లాక్ వేయండి. దమ్ము చేసేటప్పుడు విడదీసి అలాగే మర్చిపోతాం, అదే పెడల్‌తో రోడ్డు మీద గట్టిగా తొక్కితే బండి ఒక పక్కకు తిరుగుతుంది.

ట్రాలీకి ఆర్‌సీ వేరుగా ఉంటుంది. లోడుతో కలిపి ఎంత బరువు దాకా అనుమతి ఉందో దాంట్లో చూడండి. అది దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000.

ఇప్పుడు అసలు విషయం. మూడేళ్ల కింద యాసంగి కోతలప్పుడు, పరకాల దిక్కు ఒక పొలం దగ్గర మిషన్ ఎక్కిస్తున్నాం. ఒకే ఇరుసు, రెండు చక్రాల ట్రాలీ. ట్రాక్టర్ మీద మా బావమరిది కూర్చున్నాడు, హ్యాండ్ బ్రేకు వేసే ఉంది. మిషన్ సగం ఎక్కింది, బరువంతా ఇంకా ఇరుసుకు వెనకే ఉంది, ట్రాలీ తోక కిందికి వంగింది, ముందు ట్రాక్టర్‌కు తగిలించిన కొక్కెం పైకి లేచింది, దాంతోపాటు ట్రాక్టర్ వెనక చక్రాలు మట్టి వదిలి నాలుగు వేళ్ల ఎత్తు లేచాయి. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? మొత్తం బండి మెల్లగా ముందుకు జారడం మొదలైంది. మిషన్ నడుపుతున్న తమ్ముడు భయపడి వెనక్కి తీయకుండా ముందుకే పోనిచ్చాడు, బరువు ఇరుసు దాటగానే ట్రాక్టర్ ధబ్‌మని కింద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తప్పు మాదే. ఎక్కించే ముందు ట్రాలీ తోక కింద రెండు వైపులా గట్టి చెక్క దుంగలు పెట్టాలి, లేదా కింద కాళ్లు దింపుకునే జాకీలున్న ట్రాలీ కొనాలి. చూడటానికి పోయినప్పుడు తోక దగ్గర వంగి చూడండి, ఆ కాళ్లు ఉన్నాయా లేవా అని.

ఇరుసుల సంగతికొస్తే, మూడు టన్నుల మిషన్‌కు నేను చెప్పేది దగ్గరదగ్గరగా రెండు ఇరుసులున్న, నేలకు తక్కువ ఎత్తు ట్రాలీ. ఒక టైరు పగిలినా పక్కది కాస్త ఆదుకుంటుంది. ముందు ఇరుసు తిరిగే నాలుగు చక్రాల ట్రాలీ ట్రాక్టర్ మీద బరువు వేయదు, ఆ గుణం మంచిదే, కానీ సన్నటి బండ్లబాటలో దాన్ని రివర్స్ పెట్టడం చాలా కష్టం.

ఎత్తు ఎందుకు తక్కువ ఉండాలంటే, నేల నుంచి మూడడుగులున్న ట్రాలీకి ఎనిమిది అడుగుల పలకలు వేస్తే వాలు సుమారు 22 డిగ్రీలు వస్తుంది, రెండడుగులైతే 14, 15 దగ్గర ఆగుతుంది. పలకలు మంచుకు తడిసి ఉంటే ఆ తేడా కాళ్లకే తెలుస్తుంది. కాలువ కట్టకు ఆనించి ఎక్కించే అలవాటు మనకుంది, అది మంచి పద్ధతే, కట్ట గట్టిగా ఉంటే.

ఎక్కాక మిషన్ ఎక్కడ ఆగాలి? మరీ వెనకుంటే రోడ్డు మీద ట్రాలీ తోక ఊపుతుంది, మరీ ముందుంటే కొక్కెం మీద బరువు పెరిగి ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. ట్రాక్టర్ సొంత బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి, అంటే 2,200 కిలోల ట్రాక్టర్‌కు 440. ఇది కంటితో తేలేది కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయినప్పుడు లోడుతో ఉన్న బండిని వే బ్రిడ్జి ఎక్కించి, ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా ఆపి ఒక చీటీ తీయించండి. తర్వాత ట్రాలీ చక్రాలు మాత్రమే ఉంచి ఇంకొకటి.

ఇక జేబులో కాగితం తీయండి. మిషన్ ముందు వరి కోసే కట్టర్ బార్ ట్రాలీ కన్నా ఎంత బయటికొస్తుందో, చైన్లు పూర్తిగా ట్రాలీ అడుగు మీదే ఉంటాయో లేదో ఆ కొలతలతో సరిచూసుకోండి. చైన్ అంచు గాలిలో ఉంటే ఆ ట్రాలీ వద్దు, ఎంత చౌకగా ఇచ్చినా.

వచ్చే పాఠం మిషన్‌ను గొలుసులతో, రాచెట్ బెల్టులతో నాలుగు మూలలా కట్టడం గురించి. ఆలోపు ఆ రెండు చీటీలు తెచ్చుకోండి, వాటి మీద అంకెలతోనే మొదలుపెడదాం.