ఫస్ట్ బేస్‌మన్ కెరీర్ పట్టికను చదివే పద్ధతి

తిరుపతిలో వ్యాయామ విద్య చదువుతూ, ఎస్వీ విశ్వవిద్యాలయ మైదానంలో క్రికెట్ ఆడే విద్యార్థులకు బేస్‌బాల్ గణాంకాలు తొలిసారి చూసినప్పుడు సగటు దగ్గరే తికమక మొదలవుతుంది. న్యూయార్క్ యాంకీస్ జట్టుకు 1923 నుంచి 1939 వరకు ఆడిన ఫస్ట్ బేస్‌మన్ (బ్యాటర్ పరిగెత్తి చేరవలసిన మొదటి స్థానం, అంటే ఫస్ట్ బేస్, దగ్గర నిలిచే ఫీల్డర్) లూ గెహ్రిగ్ పట్టికను ఎదురుగా పెట్టుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది.

ఆయన సగటు .340. ఇది క్రికెట్‌లోలాగా అవుటుకు ఇన్ని పరుగులన్న లెక్క కాదు. 8,001 బ్యాటింగ్ అవకాశాల్లో 2,721 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం) కొట్టారని దీని అర్థం. .300 దాటినవారిని మంచి బ్యాటర్లుగా పరిగణిస్తారు. అయితే నాలుగు చెడ్డ బంతులను వదిలేసి, వాక్ ద్వారా బేస్ చేరడం ఈ సగటులోకి రాదు. గెహ్రిగ్ అలా 1,508 సార్లు చేరారు. అందువల్ల ఆయన విషయంలో వాక్‌లను కూడా కలుపుకొని .447గా ఉన్న ఆన్-బేస్ సగటునే ముందుగా చూడాలన్నది నా అభిప్రాయం.

తరువాత సంవత్సరాల వరుసను పైనుంచి కిందికి చదవాలి, ఎందుకంటే మొత్తాలు కప్పిపుచ్చే సంగతులు అక్కడే బయటపడతాయి. 1925 జూన్‌లో మొదలై 2,130 ఆటలపాటు ఆయన ఒక్కటీ మానలేదు. 1934లో సగటు, హోమ్ రన్లు (ఒకే దెబ్బకు బేస్‌లన్నీ చుట్టివచ్చే పరుగులు), ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు) మూడింటిలోనూ అమెరికాలోని రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచారు. 1937లో .351 ఉన్న సగటు మరుసటి ఏడు .295కు పడిపోయింది. 1939 వరుసలో కనిపించేవి 8 ఆటలు, 28 అవకాశాలు, 4 హిట్లు మాత్రమే. ఆ ఏడాది మే 2న డెట్రాయిట్‌లో తనను పక్కన పెట్టమని మేనేజర్ జో మెకార్తీని ఆయనే కోరారు. జూన్‌లో ఏఎల్ఎస్ అనే నరాల వ్యాధి నిర్ధారణ అయింది. అంకెలు హఠాత్తుగా పడిపోయిన చోట ఫామ్ పోయిందని తీర్పు చెప్పేముందు కారణం వెతకాలి.

ఫీల్డింగ్ లెక్కలో మరింత జాగ్రత్త అవసరం. రనౌట్ కోసం వికెట్ల దగ్గర నిలబడి త్రో అందుకునే ఫీల్డర్‌లాగా, ఫస్ట్ బేస్‌మన్ బేస్‌పై కాలు పెట్టి ఇతరులు విసిరిన బంతిని పట్టుకుంటాడు. బ్యాటర్ అక్కడికి చేరకముందే అలా పట్టిన ప్రతిసారీ పుటౌట్ (అవుట్‌ను పూర్తి చేసినందుకు ఇచ్చే లెక్క) అతని ఖాతాలోకే వెళ్తుంది. కనుక పెద్ద సంఖ్యలో పుటౌట్లు ఉన్నంతమాత్రాన గొప్ప ఫీల్డర్ అనుకోకూడదు. స్వయంగా బంతిని ఆపి ఇతరులకు విసిరినప్పుడు వచ్చే అసిస్టులను అదే కాలపు ఇతర ఫస్ట్ బేస్‌మెన్‌తో పోల్చడం మేలు. నేలకు తగిలి వచ్చే వంకర త్రోలను ఒడిసిపట్టి సహచరుణ్ణి ఎర్రర్ (ఫీల్డింగ్ పొరపాటుగా నమోదయ్యే లెక్క) నుంచి తప్పించిన సందర్భాలకు ఈ పాత పట్టికల్లో గడి లేదు. వాటి కోసం ఆనాటి పత్రికల ఆట నివేదికలను చదవవలసిందే.